ఉప్పునీటి శుద్ధి, తాగునీటి పరిశోధన: పైలట్ ప్లాంటుకు ప్రభుత్వ నిధులు – తరచుగా అడిగే ప్రశ్నలు

నీటిశుద్ధి మీద పనిచేసే అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు, స్టార్టప్ పెట్టుకున్నవాళ్లు ఎక్కడ కలిసినా దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరుసగా చదవనక్కర్లేదు, మీ పని ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్లండి. పథకాల గడువులు, పరిమితులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు తాజా ప్రకటన చదవడం మాత్రం మానొద్దు.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నవాళ్లకు

ల్యాబ్‌లో మెంబ్రేన్, అంటే ఉప్పును ఆపి నీటిని వదిలే పలుచటి పొర, బ్రహ్మాండంగా పనిచేసింది. మళ్లీ పైలట్, అంటే అసలు నీటి మీద నడిపే చిన్న ప్రయోగ ప్లాంటు, ఎందుకు?

ల్యాబ్‌లో వాడిన నీరు మీరు కలుపుకున్నదే. డిస్టిల్డ్ వాటర్‌లో కొలిచి ఉప్పు వేసి, అరచేతిలో పట్టే మెంబ్రేన్ ముక్క మీద కొన్ని గంటలు నడిపితే ఫలితం బాగానే వస్తుంది. బోరు నీటిలో కాల్షియం, సిలికా, ఇనుము ఉంటాయి. సముద్రపు నీటిలో నాచు, సూక్ష్మజీవులు, ఏరు పొంగిన రోజుల్లో బురద కూడా ఉంటాయి. ఇవన్నీ మెంబ్రేన్ మీద పేరుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. పైగా అసలు ప్లాంటులో మెంబ్రేన్ చుట్ట చుట్టిన ఎలిమెంటుగా ఉంటుంది. అందులో నీటి వేగం, పీడనం ఒక కొస నుంచి ఇంకో కొసకు మారిపోతాయి. ఆ తేడాలు పట్టుకోవడానికే పైలట్.

రోజుకు ఎన్ని లీటర్లు తీస్తే పైలట్ అంటారు?

లీటర్లలో గీసిన గీత ఏదీ లేదు. మన దగ్గర ఎక్కువ ప్రకటనలు టెక్నాలజీ సంసిద్ధతా స్థాయిని, అంటే టీఆర్‌ఎల్‌ను అడుగుతాయి. 1 నుంచి 9 దాకా ఉండే ఈ కొలమానంలో 4 అంటే ల్యాబ్‌లో రుజువైనది, 9 అంటే నిజంగా వాడకంలో ఉన్నది. పైలట్ సాధారణంగా 5 నుంచి 7 మధ్య పడుతుంది. ఆచరణలో చూస్తే, మార్కెట్‌లో దొరికే పూర్తి ఎలిమెంటును కనీసం ఒకటైనా పెట్టి, అసలు నీటి మీద రోజుకు కొన్ని వేల లీటర్ల స్థాయిలో నడిపితే పైలట్ అన్నమాటకు ఎవరూ అభ్యంతరం చెప్పరు. బకెట్లతో నీళ్లు తెచ్చి ల్యాబ్‌లో పోసి నడిపేది పైలట్ కాదు.

ఇలాంటి పరిశోధనల మీద ప్రభుత్వాలు పెట్టిన డబ్బు ఎప్పుడైనా పనికొచ్చిందా?

వచ్చింది. అమెరికా 1952లోనే ఉప్పునీటి శుద్ధి పరిశోధనకు ప్రత్యేకంగా చట్టం చేసి నిధులివ్వడం మొదలుపెట్టింది. 1960 ప్రాంతంలో లాస్ ఏంజలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి చేసిన మెంబ్రేన్‌తోనే రివర్స్ ఆస్మాసిస్ (ఆర్‌ఓ), అంటే పీడనంతో నీటిని మెంబ్రేన్‌లోంచి నెట్టి ఉప్పును వేరుచేసే పద్ధతి, కాగితం మీంచి దిగి ఆచరణలోకి వచ్చింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊళ్లో పెట్టిన ప్లాంటు రోజుకు సుమారు 5,000 గ్యాలన్లు, అంటే దాదాపు 19,000 లీటర్ల నీరిచ్చేది. ఇవాళ్టి లెక్కన అది పైలట్ సైజే.

మన దేశంలో లక్షద్వీప్ సంగతి చూడండి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల ప్లాంటు పెట్టింది. అందులో మెంబ్రేన్ లేదు. పైనున్న గోరువెచ్చని సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, సుమారు 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లటి నీటితో ఆ ఆవిరిని చల్లబరుస్తారు. తర్వాత మినికాయ్, అగత్తిలలో కూడా పెట్టారు. కల్పాక్కంలో భాభా అణు పరిశోధన కేంద్రం అణు విద్యుత్ కేంద్రపు ఆవిరిని వాడుకుంటూ, పక్కనే ఆర్‌ఓ కూడా కలిపి రోజుకు 63 లక్షల లీటర్ల ప్రదర్శన ప్లాంటు కట్టింది.

మనకు బాగా దగ్గరిది నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఈ ఫ్లోరైడ్ తొలగింపు విధానంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ తప్ప మరేమీ అక్కర్లేదు. మన జిల్లా పేరుతో దేశాలు దాటి వెళ్లింది. దాని లోపాలు కూడా ఊళ్లలో నడిపినప్పుడే బయటపడ్డాయి. పటిక మోతాదు నీటి క్షారత్వాన్ని బట్టి మారుతుంది, శుద్ధి అయిన నీటిలో అల్యూమినియం మిగలొచ్చు, అడుగున చేరే బురదను ఎక్కడ పారేయాలో తెలియదు. ఇవన్నీ పైలట్ చెప్పే సంగతులే.

మా ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు పెడతామని రాస్తే పరిశోధన నిధులు వస్తాయా?

రావు. తెలిసిన టెక్నాలజీతో ఊరికి నీళ్లివ్వడం సేవ, పరిశోధన కాదు. దానికి కంపెనీల సీఎస్‌ఆర్ నిధులు, ఎంపీ ల్యాడ్స్, పంచాయతీ నిధులు ఉన్నాయి. పరిశోధన నిధి అడగాలంటే ఇప్పటిదాకా జవాబు తెలియని ప్రశ్న ఒకటి మీ చేతిలో ఉండాలి. నా అనుభవంలో తిరిగొచ్చే ప్రతిపాదనల్లో పెద్ద భాగం ఇవే. పేరు పరిశోధన, లోపల చూస్తే యంత్రం కొనడానికి కొటేషన్!

## ఎవరిని అడగాలి?

అసలు ఏ శాఖ ఇస్తుంది?

ఒకే తలుపు లేదు. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ, అంటే డీఎస్‌టీ, 2007లో వాటర్ టెక్నాలజీ ఇనిషియేటివ్ మొదలుపెట్టింది. 2009లో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఉప్పునీటిని చౌకగా మంచినీరుగా మార్చే మార్గాలు వెతకడానికి శాస్త్రవేత్తల కమిటీ వేయమని చెప్పడంతో ఈ పనికి ఊపు వచ్చింది. మౌలిక పరిశోధనకు ఇదివరకు సెర్బ్ అనే బోర్డు ఉండేది. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో అది కలిసిపోయింది. బయోటెక్నాలజీ కోణం ఉంటే బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ, కంపెనీకి అప్పు కావాలంటే టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు. భూవిజ్ఞాన శాఖ, అణుశక్తి శాఖ ఎక్కువగా తమ సొంత సంస్థల ద్వారానే పని చేయిస్తాయి. వాటితో కలిసి పనిచేయాలంటే ఆ సంస్థలో ఒక శాస్త్రవేత్తను భాగస్వామిగా చేసుకోవడమే దారి.

మాది ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. మా మొహం చూసి ఇస్తారా?

గుర్తింపు ఉన్న ప్రైవేటు విద్యాసంస్థలకు చాలా పథకాల్లో అర్హత ఉంది. కొన్నింటిలో కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన శాఖ (డీఎస్‌ఐఆర్) ఇచ్చే పరిశోధన సంస్థ గుర్తింపు, స్వచ్ఛంద సంస్థ అయితే దర్పణ్ పోర్టల్ నమోదు అడుగుతారు. అసలు ఇబ్బంది అర్హత దగ్గర కాదు, నమ్మకం దగ్గర వస్తుంది. పరికరాలు, పాత ప్రాజెక్టుల చరిత్ర లేకపోతే సమీక్షకులు సందేహిస్తారు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) లాంటి చోట మెంబ్రేన్ల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న బృందాలున్నాయి. అలాంటివారితో కలిసి, పని స్పష్టంగా పంచుకుని దరఖాస్తు చేయండి. పేరుకు మాత్రమే భాగస్వామిని పెట్టుకుంటే కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇచ్చే రోజు రెండు ప్రశ్నలకే తెలిసిపోతుంది.

నాది స్టార్టప్. పీహెచ్‌డీ లేదు. నాకేమైనా ఉందా?

ఉంది. నమూనా తయారీకి డీఎస్‌టీ వారి నిధి-ప్రయాస్ పథకం కింద 10 లక్షల దాకా ఇస్తారు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో ఆలోచన రుజువు చేయడానికి, నమూనా పరీక్షకు 20 లక్షల దాకా గ్రాంటు ఉంటుంది. ఈ రెండూ కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఇంక్యుబేటర్ల ద్వారానే వస్తాయి. ఆ డబ్బుతో చిన్న పైలట్ నడుస్తుంది, సముద్రపు నీటి పైలట్‌కు చాలదు. అంతకు మించితే గ్రాంటు గురించి కాకుండా అప్పు గురించి ఆలోచించాలి. టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా తక్కువ వడ్డీకి ఇస్తుంది. 2025లో కేంద్రం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకం కూడా టీఆర్‌ఎల్ 4, ఆపైన ఉన్న ప్రైవేటు పరిశోధన కోసం. అది కూడా ఉచితంగా ఇచ్చే డబ్బు కాదు.

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాను. అక్కడ ఇలాంటిది ఉందా?

బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ అనే సంస్థ 1996 నాటి ఉప్పునీటి శుద్ధి చట్టం కింద ల్యాబ్ స్థాయికి, పైలట్ స్థాయికి వేర్వేరుగా దరఖాస్తులు పిలుస్తూ వచ్చింది. పైలట్‌కు మామూలుగా ఖర్చులో కనీసం సగం దరఖాస్తుదారు వైపు నుంచి రావాలి. విద్యార్థిగా మీరు నేరుగా వేయలేరు, మీ ప్రొఫెసర్ ద్వారా విశ్వవిద్యాలయం వేస్తుంది. న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో 2007 నుంచి ఆ సంస్థదే ఒక పరిశోధన కేంద్రం నడుస్తోంది. అక్కడి బోర్లలో వేర్వేరు లవణత ఉన్న భూగర్భజలం దొరుకుతుంది, మీ యంత్రం తెచ్చి దాని మీద నడుపుకోవచ్చు. మనకు అలాంటిది కృష్ణా డెల్టా కోస్తాలో ఒకటుంటే ఎంత బాగుండేదో.

## ప్రతిపాదన రాస్తున్నవాళ్లకు

సమీక్షకులు మొట్టమొదట ఏం చూస్తారు?

ఇప్పుడున్న మార్గం కన్నా మీది ఎందుకు మేలో చూస్తారు. పాతికేళ్ల కింద "మర్రిగూడలో ఫ్లోరైడ్ ఉంది" అంటే సరిపోయేదేమో. ఇప్పుడు నల్లగొండ జిల్లా పల్లెలకు మిషన్ భగీరథ కింద కృష్ణా నీరు పైపుల్లో వస్తోంది. నది నీరు వస్తున్నచోట ఫ్లోరైడ్ ఫిల్టరు ఎందుకని అడుగుతారు, అడగాలి కూడా. పైపు ఆగిన రోజుల్లో జనం ఏం తాగుతున్నారు, పశువులకు, వంటకు ఏ నీరు వాడుతున్నారు, పైపు చేరని ఆవాసాలు ఏవి అని ఊళ్లో తిరిగి తెలుసుకుని రాస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఉద్దానం గురించి రాసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. అక్కడి కిడ్నీ జబ్బులకు నీరే కారణమని తేలలేదు. "మా ఫిల్టరుతో జబ్బు తగ్గుతుంది" అని రాశారంటే అక్కడితో కథ ముగిసినట్టే.

నీటి పరీక్ష ఫలితాలు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి, కనీసం ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీసినవి జతచేయండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500: 2012 ప్రకారం టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యం, వేరే నీరు లేకపోతే 2,000 దాకా పరిమితి. ఫ్లోరైడ్‌కు ఇవే 1, 1.5 మిల్లీగ్రాములు. మీ లక్ష్యాన్ని ఈ అంకెలతోనే చెప్పండి.

"కరెంటు ఖర్చు పదో వంతు" అని రాయొచ్చా?

సముద్రపు నీటికి అయితే రాయకండి. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీటిలోంచి సగం మంచినీరు రాబట్టాలంటే, ప్రకృతి నియమాల ప్రకారమే 1,000 లీటర్లకు ఒక యూనిట్‌కు కాస్త పైగా కరెంటు కావాలి. ఇవాళ మంచి ప్లాంట్లు 3 నుంచి 4 యూనిట్లలో నడుస్తున్నాయి. ఇందులో పదో వంతు అంటే ఉష్ణగతిక శాస్త్రాన్నే కాదన్నట్టు. సోలార్ పెట్టినా కావాల్సిన శక్తి తగ్గదు, అది ఎక్కడి నుంచి వస్తుందనేది మారుతుంది అంతే. తక్కువ లవణత ఉన్న బోరు నీటికి, మెంబ్రేన్ కడిగే ఖర్చుకు, ముందస్తు శుద్ధికి మాత్రం తగ్గించే వీలు బోలెడంత ఉంది. నిజాయితీగా 15 శాతం తగ్గిస్తామన్న ప్రతిపాదనకే విలువ ఎక్కువ.

మిగిలే ఉప్పునీటి గురించి ఇంత పట్టుబడతారెందుకు?

ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, పక్కకు తోస్తుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిలో సగం శుద్ధి చేసి సగం వదిలేస్తే, వదిలిన నీటిలో దాదాపు 6 ఉంటుంది. దాన్ని పక్కనే గుంట తీసి ఇంకిస్తే మళ్లీ అదే బోరులోకి వస్తుంది. మన ఊళ్లలో వేల ప్లాంట్ల వెనక కనిపించేది ఇదే, ఎవరూ మాట్లాడరు. సముద్ర తీరంలో అయితే రెట్టింపు ఉప్పున్న నీరు, అందులో కలిసిన రసాయనాలు ఒడ్డున పడితే చేపలు పట్టేవాళ్లే ముందు అడుగుతారు.

అందుకే ప్రతిపాదనలో వ్యర్థ జలానికి ప్రత్యేకంగా ఒక పేజీ ఉండాలి. ఎంత వస్తుంది, అందులో ఏముంటుంది, ఎక్కడికి వెళ్తుంది, ఎవరి అనుమతి ఉంది అన్నవి అందులో రావాలి. ఎండబెట్టే మడుగు పెడతామంటే ఎంత స్థలం కావాలో లెక్కేసి చూపండి. రోజుకు 5,000 లీటర్ల వ్యర్థాన్ని, రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరయ్యే చోట ఎండబెట్టాలంటే 1,000 చదరపు మీటర్లు కావాలి, అంటే పావు ఎకరం. వానాకాలానికి ఇంకా ఎక్కువ. నాకు మాత్రం ఈ వ్యర్థం మీద నేరుగా చేసే పరిశోధనే ఇవాళ అన్నిటికన్నా అవసరమనిపిస్తుంది. కొత్త మెంబ్రేన్ల మీద వందలమంది ఉన్నారు, దీని మీద మనుషులు తక్కువ.

ప్లాంటు ఎన్నాళ్లు నడుపుతామని రాయాలి?

ఏడాది. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పడాలి. మూడేళ్ల ప్రాజెక్టులో మొదటి ఏడాది కొనుగోళ్లకు, అనుమతులకే పోతుంది. మొదటి ఆరు నెలల్లో ప్లాంటు ఆన్ చేస్తామని రాసిన కాలపట్టికను ఎవరూ నమ్మరు.

అనుమతులు ఏమేం కావాలి?

స్థలాన్ని బట్టి ఉంటుంది. కొత్త బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం చేసిన వాల్టా చట్టం కింద అనుమతి. వ్యర్థ జలం బయటకు వదిలితే కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి. తీరంలో అయితే తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జడ్) నిబంధనలు. స్థలం పంచాయతీదైతే తీర్మానం, కాపీ సంతకాలతో సహా. సర్పంచ్‌గారు నోటిమాటగా "పెట్టుకోండి సార్" అన్నది చాలదు. ఎన్నికల తర్వాత సర్పంచ్ మారితే ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

## నిధులు మంజూరయ్యాక

డబ్బంతా ఒకేసారి వస్తుందా?

రాదు. విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చు లెక్క ఇస్తేనే రెండోది. ఆ మధ్యలో నెలల ఖాళీ రావడం మామూలే. ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్) జీతం ఆగిపోవడం అందరికీ టెన్షన్ తెచ్చే విషయం. 2023 నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000, దానిపై ఇంటి అద్దె భత్యం. ఖాళీ వచ్చినప్పుడు సంస్థ సొంత నిధి నుంచి సర్దుతుందా అని చేరే ముందే రిజిస్ట్రార్‌తోనో, ప్రిన్సిపాల్‌తోనో మాట్లాడి కాగితం మీద పెట్టించుకోండి.

పరికరాల ధర ఎస్టిమేట్‌లో ఎక్కడ దెబ్బతింటారు?

జీఎస్టీ దగ్గర. పరిశోధన సంస్థల శాస్త్రీయ పరికరాలకు ఇదివరకు 5 శాతమే ఉండేది, 2022 జులైలో ఆ రాయితీ తీసేశారు. పాత ప్రాజెక్టు ఫైలు చూసి బడ్జెట్ వేసుకుంటే కోటి రూపాయల పరికరాలకు 13 లక్షల దాకా తక్కువ పడుతుంది. ఇక విడి మెంబ్రేన్లు, కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు, రసాయనాలు, కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, నీటి పరీక్షల ఫీజులు. వీటిని వినియోగ వస్తువులు, ఇతర ఖర్చుల పద్దుల్లో ముందే పెట్టకపోతే ప్లాంటు కొన్నాక నడపడానికి డబ్బుండదు. తాళం వేసిన పైలట్ ప్లాంట్లు చాలావరకు ఇలా ఆగినవే.

యూసీ అంటే ఏమిటి? ఎందుకంత భయపెడతారు?

యుటిలైజేషన్ సర్టిఫికెట్. ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని సంస్థ ఇచ్చే ధ్రువపత్రం. 2017 సాధారణ ఆర్థిక నిబంధనల్లో 12-ఏ ఫారం. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి, దాంతోపాటు పద్దులవారీ ఖర్చు నివేదిక. గ్రాంటు మీద బ్యాంకు వడ్డీ వస్తే అది మీది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. భయపడాల్సిందేమీ లేదు. ప్రతి బిల్లునూ ఏ నెలది ఆ నెలే అకౌంట్స్ విభాగానికి ఇస్తే సరిపోతుంది. మార్చి నెలాఖరున ఏడాది బిల్లులన్నీ సంచిలో తీసుకెళ్లేవాళ్లకే భయం.

## ప్లాంటు నడుస్తున్నప్పుడు

రోజూ ఏం రాసుకోవాలి?

పీడనాలు, ప్రవాహాలు, ఉష్ణోగ్రత, లోపలికి వెళ్లే నీటి లవణత, బయటికి వచ్చే నీటి లవణత, కరెంటు మీటరు రీడింగు. ఉష్ణోగ్రత మరిచిపోతే మిగతావాటికి అర్థం ఉండదు. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే మెంబ్రేన్‌లోంచి వచ్చే ప్రవాహం సుమారు 3 శాతం పెరుగుతుంది. మే నెలలో ప్రవాహం పెరిగిందని సంబరపడి, డిసెంబరులో తగ్గిందని మెంబ్రేన్‌ను తిట్టుకోవడం ఇందువల్లే. అన్నిటినీ 25 డిగ్రీలకు సరిచేసి పోల్చాలి. అలా సరిచేసిన ప్రవాహం 10 నుంచి 15 శాతం తగ్గినా, ఎలిమెంటు రెండు కొసల మధ్య పీడన తేడా 15 శాతం పెరిగినా కడగాల్సిన సమయం వచ్చినట్టే. ప్లాంటు ఆగిన గంటలు కూడా రాయండి, కారణంతో సహా. కరెంటు పోయింది, పంపు సీలు కారింది, ఆపరేటర్ పెళ్లికి వెళ్లాడు. రేపు ఊరి స్థాయిలో పెట్టేవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే డేటా ఇదే.

వచ్చిన మంచినీటిని ఊరివాళ్లకు తాగడానికి ఇవ్వొచ్చా?

పరీక్ష దశలో ఇవ్వకండి. ప్రయోగం కాబట్టి ఒకరోజు బాగా, ఒకరోజు చెడుగా రావొచ్చు. ఊళ్లోవాళ్లు బిందెలతో వచ్చి నిలబడితే కాదనడం కష్టమే. "ఇంత నీరు మోరీలో పోస్తున్నారు, మాకు ఇస్తే ఏం పోయింది?" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. ముందే గ్రామసభలో చెప్పి, బోర్డు పెట్టి, శుద్ధి చేసిన నీటిని చెట్లకో, కడగడానికో వాడే ఏర్పాటు చేసుకోండి. తర్వాత ఐఎస్ 10500 ప్రకారం పూర్తి పరీక్షలు వరుసగా నిలబడి, మీ సంస్థ, పంచాయతీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే అప్పుడు ఇవ్వొచ్చు. ఒకసారి ఇవ్వడం మొదలుపెట్టాక ప్రాజెక్టు అయిపోయిందని ఆపలేరు. అది కూడా ముందే ఆలోచించుకోవాలి.

ఫలితం అనుకున్నట్టు రాలేదు. డబ్బు వెనక్కి కట్టాలా?

నిబంధనల ప్రకారం ఖర్చు పెట్టి, లెక్కలు చూపితే గ్రాంటు వెనక్కి అడగరు. ఎందుకు రాలేదో నివేదికలో స్పష్టంగా రాయండి. రెండో వారానికే సిలికా పేరుకుందన్న సమాచారం ఇంకొకరికి ఏడాది పని మిగులుస్తుంది. అప్పుగా తీసుకున్న స్టార్టప్‌ల సంగతి వేరు, అక్కడ ఒప్పందం ప్రకారం కట్టాల్సిందే.

## ప్రాజెక్టు ముగిశాక

ప్లాంటు ఎవరిదవుతుంది?

గ్రాంటుతో కొన్న పరికరాలను అమ్మాలన్నా, ఇంకొకరికి ఇవ్వాలన్నా నిధులిచ్చిన శాఖ ముందస్తు అనుమతి కావాలి. సాధారణంగా సంస్థ దగ్గరే ఉంచుకోమంటారు. పంచాయతీకి అప్పగించాలనుకుంటే చివరి ఏడాదిలోనే శాఖకు రాయండి. ఆపరేటర్ జీతం, మెంబ్రేన్ మార్పిడి ఎవరు భరిస్తారో కూడా అందులోనే చెప్పండి.

పేటెంటు ఎవరి పేరు మీద?

మామూలుగా సంస్థ పేరు మీద. ఆవిష్కర్తలుగా మీ పేర్లుంటాయి. ప్రభుత్వం తన అవసరాలకు వాడుకునే హక్కు అట్టిపెట్టుకుంటుంది. కచ్చితంగా ఏమిటన్నది మంజూరు ఉత్తర్వు షరతుల్లో ఉంటుంది, సంతకానికి ముందు చదవండి.

చదవకపోతే ఏమవుతుందో ఈ రంగంలోనే ఒక పెద్ద కేసు ఉంది. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న పలుచటి పొర పాలిఅమైడ్ మెంబ్రేన్‌కు జాన్ కడోట్ పేరు మీద 1981లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆయన అంతకుముందు ప్రభుత్వ కాంట్రాక్టు మీద పనిచేస్తున్న పరిశోధన సంస్థలో ఉండి, బయటికి వచ్చి ఫిల్మ్‌టెక్ కంపెనీ పెట్టినవారిలో ఒకరయ్యారు. పోటీ కంపెనీ మీద ఫిల్మ్‌టెక్ దావా వేస్తే, 1992లో అప్పీలు కోర్టు ఆ ఆవిష్కరణ కాంట్రాక్టు కాలంలోనే జరిగిందని, కాబట్టి హక్కు అమెరికా ప్రభుత్వానిదని తేల్చింది. ఫిల్మ్‌టెక్ చేతిలో పేటెంటు కాగితం ఉంది, దానితో పోటీ కంపెనీని ఆపగలిగే హక్కు లేదు. మీ ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేస్తూ సొంత స్టార్టప్ పెట్టాలనుకుంటున్నారా? ఏ ఆలోచన ఏ తేదీన, ఎవరి డబ్బుతో వచ్చిందో ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీలతో రాసి ఉంచుకోండి.

ముందు పేపరు వేయాలా, పేటెంటు వేయాలా?

పేటెంటు. పేపరు అచ్చయితే కొత్తదనం పోయిందని దరఖాస్తును తిరస్కరించవచ్చు. తాత్కాలిక దరఖాస్తు వేసుకుంటే పూర్తి వివరాలివ్వడానికి 12 నెలలు ఉంటుంది. ఈలోగా పేపరు పంపుకోవచ్చు. సదస్సులో పెట్టే పోస్టరు కూడా ప్రచురణ కిందకే రావొచ్చు, కాబట్టి పోస్టరు ప్రింటుకు ఇచ్చే ముందే మీ సంస్థ పేటెంటు విభాగానికి ఒక ఫోన్ చేయండి.